ఓడిపోయినవాళ్ల టికెట్టు

కోచ్ పెట్టెలు స్టోర్ గదిలోంచి బయటికి లాగడం నాకిది మూడోసారి. ఎవరూ చెప్పకముందే లాగి, దుమ్ము తుడిచి, ఎండలో పెడతాను. ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో మాట్లాడుకునేది నా దాకా రాదు గానీ వంటింటికి తెలియని సంగతులుంటాయా? శుక్రవారం సొంత మైదానంలో ఓడిపోయిన కోచ్ శనివారం పొద్దెక్కినా ఇంట్లోనే కూర్చుని టీ మీద టీ అడుగుతుంటే, కారు కోసం ఫోన్ చేసినా డ్రైవర్ రాకపోతే, ఇక ఆయన పని అయిపోయినట్టే. ఈసారి పెనాల్టీ కొట్టలేనిది ఎవరో పంతొమ్మిదేళ్ల కుర్రాడట. వాడి ఉద్యోగం వాడికుంది, పోయింది కోచ్‌ది.

ఒమాన్‌లో, అల్ హైల్‌లోని ఈ ఇల్లు క్లబ్బుది. నేను వచ్చినప్పుడు ఇందులో జర్మనీ కోచ్ ఒక్కడే ఉండేవాడు, ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన దుంపలు తినేవాడు. తర్వాత బ్రెజిల్ ఆయన పెళ్లాం బిడ్డలతో దిగాడు. ఇప్పుడు ఈజిప్టు నుంచి వచ్చినాయన. ఆయన్ని అందరూ కాప్టెన్ అని పిలుస్తారు, భార్య సమీహా మదామ్. ముగ్గురూ రెండేళ్ల కాంట్రాక్టు రాసుకుని వచ్చినవాళ్లే. ఒక్కరూ పూర్తి చేయలేదు. ఈ ఇంట్లో కాంట్రాక్టు పూర్తి చేసినదాన్ని నేనొక్కదాన్నే, అదీ రెండుసార్లు.

మధ్యాహ్నం రామసుబ్బయ్య అన్న వచ్చాడు. క్లబ్బులో అకౌంటెంటు, మాది కడప జిల్లా అయితే ఆయనదీ కడప జిల్లానే, ప్రొద్దుటూరు. వెంట ఒక ఒమానీ గుమాస్తా. కోచ్ మారినప్పుడల్లా ఇంట్లో ఏమేం ఉన్నాయో చూసి కొత్త కోచ్‌కి అప్పజెప్పడం వాళ్ల పద్ధతి. గుమాస్తా గది గదికీ తిరుగుతూ పైకి చదివాడు. ఏసీలు, ఫ్రిజ్జు, సోఫాలు, గ్యాస్ పొయ్యి, ఖద్దామా ఒకటి. ఖద్దామా అంటే పనిమనిషి. నా దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చూశాడు, ఉన్నానని టిక్కు పెట్టుకున్నాడు. జర్మనీ ఆయన వెళ్లినప్పుడు నాకు నవ్వొచ్చింది. బ్రెజిల్ వాళ్లు వెళ్లినప్పుడు ఏమీ అనిపించలేదు. ఈసారి ఒళ్లు మండింది.

గుమాస్తా మేడ మీదికి వెళ్లాక, నేను రామసుబ్బయ్య అన్నకు టీ ఇచ్చి అడిగాను. "అన్నా, కాప్టెన్‌కు మిగతా జీతమంతా ఇస్తాండారంట, నిజమేనా?"

"ఇయ్యకుండా ఎట్ల పంపిస్తారు మ్మా? రెండేండ్లకని రాసిచ్చి ఏడు నెలలకే తీసేసినారు. మిగిలిన నెలల జీతం మొత్తం కట్టాల్సిందే. టికెట్లు కూడా."

"పని చెయ్యకుండా ఇంటికి పోయి కూసునేదానికా?"

"అంతే. ఎవురు కాంట్రాక్టు తెంపితే వాళ్లు కట్టాల."

"మల్ల నేను పోతానంటే?"

అన్న టీ కప్పు కింద పెట్టాడు. "నువ్వు పోతానంటే తెంపేది నువ్వు గదా. వీసా ఖర్చూ టికెట్టూ నువ్వే కట్టాల. వాళ్లే పంపిస్తే వాళ్లు కడతారు."

"మల్ల నన్నెందుకు పంపించరు?"

"నిన్నెందుకు పంపిస్తారు జైనబీ? నువ్వు పని బాగా చేస్తావు గదా!"

మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం.

నేను వచ్చేనాటికి నా కూతురు లాల్‌బీకి రెండేళ్లు. ఇప్పుడు ఆరు. మొదటి రెండేళ్లు అయ్యాక సెలవుకు వెళ్లాల్సి ఉండింది. "సెలవెందుకు మే, ఆ టికెట్టు డబ్బులు తీసుకో, పునాది లేస్తాది" అన్నాడు మా ఆయన దస్తగిరి. పునాది లేచింది. పోయిన నెలతో రెండో రెండేళ్లూ అయ్యాయి. లాల్‌బీకి ఎర్ర రిబ్బన్లు, బ్రెజిల్ ఆయన కూతురు వదిలేసిన బూట్లు మూట కట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఊరి నుంచి వచ్చినవాళ్ల చేతికిచ్చి పంపిన క్యాసెట్‌లో ఆయన గొంతు తాపీగా చెప్పింది. "ఏజెంటుకు ఇంకా రెండేండ్లు అని సెప్పేసినా. స్లాబు పడేదాకా నువ్వు రావాకు. ఊరికే వస్తే నలుగురూ నవ్వుతారు." అప్పటికే క్లబ్బువాళ్లు కాగితాలు చేసేశారు. నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ వెనకే మా అత్త గొంతు. "బిడ్డ గురించి నీకేం బెంగ? నా దగ్గర బాగుండాది. నీ పేరు గూడ ఎత్తదు." ధైర్యం చెప్పడానికే అన్నదేమో. ఆ మాట తర్వాత ఎన్ని గిన్నెలు తోమానో, ఏం వండానో నాకు గుర్తు లేదు.

మా ఇద్దరి మధ్యా తిరిగేది ఒకే క్యాసెట్టు. రెండుసార్లు కొత్తవి కొని పంపాను. ఆయన వాటిలో బజారులో పాటలు ఎక్కించుకున్నాడు, మాట మాత్రం తిరిగి రాలేదు. పాతది వెనక్కి పంపితేనే దాని మీద మాట్లాడి పంపుతాడు. అంటే నా బదులు చెప్పాలంటే నా బిడ్డ గొంతు మీదే చెప్పాలి. ప్రతిసారీ అరిగిపోయేదాకా విని, ఇక రేపు ఎవరో ఊరికి వెళ్తున్నారనగా రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి, లాల్‌బీ పాడిన అక్షరాల పాట మీద "మీరు బాగుండారా, నేను బాగుండా" అని నా అబద్ధాలు చెప్పేదాన్ని. దాని నాలుగో ఏటి గొంతు, అయిదో ఏటి గొంతు అన్నీ అలా నా నోటితో నేనే చెరిపేశాను. ఒకసారి పొరపాటున సమీహా మదామ్ పాటల క్యాసెట్ పెట్టి మాట్లాడబోతే మీట కిందికి దిగలేదు. మదామ్ నవ్వి, దాని అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేసి ఉండటం చూపించింది. అవి విరిస్తే ఇక దాని మీద ఎవరూ రికార్డు చేయలేరట.

కాసేపటికి మదామ్ బట్టలు మడత పెడుతుంటే నేను పెట్టెలో సర్దుతున్నాను. క్లబ్బువాళ్ల ముందు ఏడ్చిన మనిషి పడగ్గదిలో కూనిరాగం తీస్తోంది. అలెగ్జాండ్రియాలో వాళ్లమ్మ ఉంది, సముద్రం ఒడ్డున ఇల్లట. మొగుడు ఓడిపోతేనే తప్ప ఈమెకు పుట్టిల్లు దొరకలేదు. ఆమెను చూస్తే ముచ్చటేసింది, కడుపులో మంట కూడా పుట్టింది. ఉన్నట్టుండి మడతలు ఆపి, తనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో అడిగింది. "జైనా, తుమ్? ఘర్ కబ్?"

నువ్వు ఇంటికెప్పుడు అని. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో నన్ను ఎవరూ అడగని మాట. మా ఇంట్లోనూ అడగలేదు. చేతిలో బట్టలు పెట్టెలో పెట్టేసి వంటింట్లోకి వచ్చేశాను.

పొయ్యి మీద చారు మరుగుతోంది. ఓడిపోతే కదా పంపించేది, నేనూ ఓడిపోతాను అనుకున్నాను. కొత్త కోచ్ వచ్చేలోపే అన్నం మాడ్చాలి, ఇస్త్రీ పెట్టెతో చొక్కాలు కాల్చాలి. అసలు ఇవాళే మొదలుపెడదామని గుప్పెడు ఉప్పు తీసి గిన్నె మీద పట్టుకున్నాను. చేయి విప్పుకోలేదు. భయం వల్ల కాదు. ఏ పనీ చెడగొట్టడం ఎరగని చేయి అది. ఈ నాలుగేళ్లలో నాదంటూ మిగిలింది ఈ చేతి పనితనమొక్కటే, ఇంటికి వెళ్లడానికి దాన్ని కూడా పాడు చేసుకోవాలా? నా బిడ్డ దగ్గరికి నేను చెడ్డ పనిమనిషిననే పేరు మోసుకుని ఎందుకు పోవాలి? ఉప్పు డబ్బాలో పోసేసి, చేయి కడుక్కుని, హాల్లోకి నడిచాను. రామసుబ్బయ్య అన్న గుమాస్తా కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"అన్నా, స్లాబుకని నీ దగ్గర దాసిన డబ్బుల్లోంచి నా వీసా ఖర్చూ టికెట్టూ కట్టెయ్యి. నేను పోతాండా."

ఆయన నావైపు వింతగా చూశాడు. "అంతా దానికే అయిపోతాది మ్మా. ఇల్లు మొండిగోడలతోనే ఉంటాది. మీ ఆయన్ని ఒక మాట అడగాల్నా, వద్దా?"

"నన్ను అడిగి రెండేండ్లు రాయించినాడా?"

ఆయన లేచి నిలబడ్డాడు. తర్వాత గుమాస్తాను కిందికి పిలిచి అరబ్బీలో ఏదో చెప్పాడు. గుమాస్తా విసుక్కుంటూ కాగితం తిప్పి, సోఫాల కింద, గ్యాస్ పొయ్యి కింద ఉన్న నా వరుసను కొట్టేశాడు. ఆ గీత చూస్తే నాకు ఏడుపొచ్చింది.

నా గదిలోకి వచ్చి టేప్‌రికార్డర్‌లో మా క్యాసెట్ పెట్టాను. ఆయన మాటలు, అత్త మాటలు అయిపోయాయి. ఆ తర్వాత కోళ్ల చప్పుడు, ఎవరో మైకు దగ్గరికి నెట్టినట్టు ఒక కదలిక. లాల్‌బీ గొంతు, వాళ్ల నానమ్మను అడుగుతోంది.

"జేజీ, క్యాసెట్టమ్మకు ఏం సెప్పాల?"

అంతే. ఇంకేం చెప్పాలో దానికి తోచలేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను, మళ్లీ మళ్లీ విన్నాను. నేను వస్తున్నానని ఇంటికి చెప్పొద్దా అనుకుంటూ, అలవాటుగా వేలు ఎర్ర మీట మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. క్యాసెట్ బయటికి తీసి, దాని అంచునున్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ గోటితో విరిచేశాను.

లాల్‌బీ గొంతు మీద ఇక ఎవరూ మాట్లాడలేరు, నేనైనా సరే. చెప్పేదేదో దాని ఎదురుగా కూర్చుని చెప్పుకుంటాను.