నీళ్ల సీసాలో అదనపు గీత

పెళ్లి సెలవు ముగించుకుని ల్యాబ్‌కి వచ్చిన రోజే ఆ తేడా మొదలైంది. రోగుల రక్తాన్ని మెషిన్‌లో పెడితే వచ్చే గ్రాఫ్‌లో, మా గుండె మందును చూపే గీత పక్కన ఇంకో గీత కనిపిస్తోంది. అదేమిటో శుక్రవారంలోగా తేలకపోతే ఆరు నెలల పరిశోధన ఆపేస్తామన్నారు మా ల్యాబ్ హెడ్ మేడమ్.

నా అనుమానం సీసాలు కడిగే అక్క మీద. సబ్బు మార్చిందేమోనని రెండు రోజులు ఆమె చేతులనే గమనించాను.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, నా చేతుల్లో మీ ఆయన కనబడుతున్నాడా?" అంది.

నక్షత్రాల మీద పరిశోధన చేసే మా ఆయనకు ఇదంతా చెప్పాను.

"కొత్త చుక్క కనిపిస్తే మేం ముందు మా టెలిస్కోప్ అద్దం తుడుచుకుంటాం. ఆ తర్వాతే చుక్కని నమ్ముతాం," అన్నాడు.

మర్నాడు అక్కా నేనూ చెరో సీసాలో ఉత్త నీళ్లు నింపి మెషిన్‌లో పెట్టాం. ఆమె సీసాలో ఏమీ లేదు. నా సీసాలో ఆ గీత ఉంది.

సీసాలూ నీళ్లూ ఒకటే, చేతులే వేరు. నా చేతులు వాసన చూసుకున్నాను. మా ఆయన కొనిచ్చిన గులాబీ క్రీము. రోజూ మురిపెంగా రాసుకుని, ఆ చేతులతోనే గ్లవ్స్ తొడుక్కుంటున్నాను; వాటి పైన కూడా క్రీము అంటుకుంటోంది. చిటికెడు క్రీము నీళ్లలో కలిపి చూస్తే అదే గీత వచ్చింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావు," అంది అక్క.

"తప్పయిపోయింది అక్కా," అని, క్రీము డబ్బా పట్టుకుని మేడమ్ గదికి నడిచాను.