గోతిలో అక్క

తోవా రోజూ తెల్లవారగానే మిల్లుచెరువు పార్కుకి వచ్చి, తురాయి చెట్టు కింద ప్లాస్టిక్ పీటలు వేసి, కుంపటి రాజేసి, మొదటి గ్లాసు టీ అక్కకి ఇచ్చేది. అక్క పేరు మియెన్. ఆమె ఆ చెట్టు పక్కనే, బాట అంచున, నేలలో దించిన సిమెంటు గోతిలో ఉండేది. మనిషి నిలబడితే కళ్ళు నేలమట్టానికి వచ్చేంత లోతు. చేతులు చాపుదామంటే కుదరనంత ఇరుకు. పైన మూత కొంచెం జరిపి ఉండేది. తోవా ఒక మోకాలు పట్టుకుని వంగి గ్లాసు దించితే, లోపల్నుంచి ఒక పడుచు చెయ్యి వచ్చి అందుకునేది.

"ఒసేయ్, ఇవాళ కుడికాలు ఈడుస్తున్నావేం?"

"వయసక్కా, వయసు."

"నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నదానివి. నీకు వయసేంటే!"

తోవాకి అరవై దాటి చాలా ఏళ్ళయింది. మియెన్‌కి పందొమ్మిది.

నామ్‌దిన్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. యుద్ధం రోజుల్లో ఊరంతా బాటల పక్కన ఇలాంటి ఒంటిమనిషి గోతులు తవ్వారు. బట్టల మిల్లు సైరన్ మొదటిసారి కూస్తే గోతుల్లోకి దిగాలి, రెండోసారి కూస్తే బయటికి రావాలి. ఆ రోజు మొదటి కూత వచ్చినప్పుడు మియెన్ పార్కులో కాపలా డ్యూటీలో ఉంది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ గోతుల్లోకి దించి, అందరికంటే చివర తను దిగింది. విమానాలు వచ్చి వెళ్ళాయి. అంతా సద్దుమణిగినట్టే ఉంది. రెండు గోతుల అవతల ఉన్న వాళ్ళమ్మ, చిన్నపిల్ల తోవా ఎక్కడ దాక్కుందో అన్న గాభరాలో, రెండో కూత రాకముందే మూత తోసుకుని బయటికొచ్చింది. విమానాలు మళ్ళీ తిరిగొచ్చాయి. మియెన్ మూత సందులోంచి అంతా చూసింది. సైరన్ ఉన్న మిల్లు గోపురం కూడా ఆ విడతలోనే కూలింది. దాంతో రెండో కూత ఇక రానేలేదు. మియెన్ బయటికి రాలేదు.

యుద్ధం అయిపోయిన ఏడాది జనం డప్పులు తెచ్చి వాయించారు, మైకులో పాటలు పెట్టారు. వేరే ఊరి మిల్లు నుంచి సైరన్ తెప్పించి కూయించారు కూడా.

"అది మనది కాదు" అంది మియెన్ లోపల్నుంచి. "మనది చివర్లో కాస్త బొంగురుపోతుంది."

ఆ తర్వాత ఎవరూ బలవంతపెట్టలేదు. మునిసిపాలిటీ వాళ్ళు మిగతా గోతులన్నీ పూడ్చి, దీని చుట్టూ మాత్రం వాన నీళ్ళు పోకుండా ఇటుకల గట్టు కట్టారు. జనాభా లెక్కల వాళ్ళు వచ్చిన ప్రతిసారీ వంగి, వయసడిగి, పందొమ్మిది రాసుకుని వెళ్ళేవారు. పార్కు చుట్టూ కంచె వేసి టిక్కెట్లు పెట్టిన కాలంలో గేటు దగ్గరి మనిషి తోవాని ఆపేవాడు కాదు, "ఇంట్లోవాళ్ళ దగ్గరికి పోయేదానికి టిక్కెట్టేంటి" అనేవాడు.

మూత సందులోంచి మియెన్‌కి కాళ్ళు తప్ప పెద్దగా ఏమీ కనిపించేవి కావు. ఆ కాళ్ళని బట్టే ఆమెకి ఊరు తెలిసేది. లారీ టైర్లు కోసి కుట్టిన చెప్పులు వెళ్ళాయి. బియ్యానికి కార్డులు పట్టుకు తిరిగిన రోజుల్లో చెరువు గట్టున తూటికూర పెంచుకునే ఉత్తకాళ్ళు, వాటి వెనకే పందిపిల్లల గిట్టలు వెళ్ళాయి. తర్వాత ప్లాస్టిక్ చెప్పులొచ్చాయి. ఆ తర్వాత ఒకనాటి పొద్దున ఎత్తుమడమల చెప్పులు జతలు జతలుగా వచ్చి, ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేశాయి.

"వీళ్ళకేమైందే?" అని కంగారుపడింది మియెన్.

"డాన్సక్కా. ఆరోగ్యానికి మంచిదట."

"ఆ లావుపాటి కాళ్ళావిడ తాళం తప్పుతోంది. చెప్పు ఆమెకి."

తోవా చెప్పేది కాదు. మియెన్ చూసినవాటిలో తోవా కాళ్ళు కూడా ఉన్నాయి. పదకొండేళ్ళ బోడికాళ్ళు, మిల్లులో నూలు పోగుల మధ్య నిలబడి నిలబడి నరాలు తేలిన కాళ్ళు, ఇప్పటి వాచిన చీలమండలు. ఒక ఏడాది వాటి పక్కన మగవాడి బూట్లు కొన్నాళ్ళు నడిచాయి. మిల్లు లారీ డ్రైవరతను. సైగాన్‌లో పని దొరికింది, పెళ్ళి చేసుకుని పోదాం రమ్మన్నాడు. "అక్కకి అన్నం ఎవరు పెడతారు?" అంది తోవా. బూట్లు మళ్ళీ కనిపించలేదు. ఆ మాట మియెన్ వింది.

కొత్త కంపెనీ ఒకటి పార్కులో పడమటి సగం తీసుకుంటోందన్న కబురు మొదట చదరంగం ఆడే ముసలాళ్ళకి తెలిసింది. కింద కార్లు పెట్టుకునే రెండంతస్తుల గొయ్యి, పైన దుకాణాల మేడ. వాళ్ళలో దాక్ అనే తాత, పడుచువయసులో ఆదివారాలు కావడి మోసి ఆ చెరువు తవ్వినవాళ్ళలో ఒకడు. తోవా వాళ్ళమ్మ ఆయన పక్క వరసలోనే మట్టి తట్టలు అందించేది.

"చెత్తకుప్ప ఇది" అన్నాడు దాక్, కొలతలు తీసుకోవడానికొచ్చిన ఇంజనీరుతో. "కుక్కలు కూడా ముక్కు మూసుకునేవి. మేం తవ్వి చెరువు చేశాం. ఇప్పుడు నువ్వొచ్చి దాన్ని మళ్ళీ గొయ్యి చేస్తావా?"

"నేను గీసింది కాదు తాతా. పైనుంచి గీసి ఇచ్చారు."

"పైనుంచే! మా కాలంలో కూడా పైనుంచే వచ్చేవి, గోతులు చేసేవి."

ఇంజనీరు పేరు క్వెన్. ముప్ఫై నిండని మర్యాదస్తుడు. అతను గోతి దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుని లోపలికి తొంగిచూశాడు. రెండు జడల పిల్ల కనిపించింది. "చెల్లీ" అనబోయి ఆగాడు. మనసులో లెక్క వేసుకుని, "మామ్మగారూ" అన్నాడు.

"ఎవర్రా మామ్మ? అక్కా అను!"

"అక్కా... కార్లు కిందికి దిగే దారి సరిగ్గా ఇక్కడికే వస్తోంది. మీరు ఖాళీ చెయ్యాలి."

"సైరన్ కూయించు, చేస్తాను."

క్వెన్ తోవా వైపు చూశాడు. తోవా అతని చేతిలో టీ గ్లాసు పెట్టింది. అతను తాగి, ఈ చోటు అన్నిటికంటే చివర తవ్వేలా చూస్తానని చెప్పి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. అతని చేతిలో ఉన్నది అంతే.

పార్కు జనం వారం పాటు గొడవ చేశారు. డాన్సు ఆడవాళ్ళు గేటు దగ్గర అడ్డంగా కూర్చున్నారు, దాక్ చదరంగం బల్ల తెచ్చి మట్టి తవ్వే యంత్రం ముందు వేశాడు. తర్వాత వాన మొదలైంది. ఒక్కొక్కరే లేచారు. డాన్సు వాళ్ళు తూర్పు వైపుకి మారారు, అక్కడ నేల ఇంకా నున్నగా ఉందన్నారు. తురాయి చెట్లు మధ్యాహ్నానికి మొద్దులయ్యాయి.

క్వెన్ మాట నిలబెట్టుకున్నాడు. చుట్టూ నేలంతా దిగిపోయి, మట్టి దిమ్మ మీద మియెన్ గొయ్యి ఒక్కటే బావి ఒరలాగా మిగిలింది. తవ్వకం గట్టు మీంచి దిమ్మకి చెక్క వంతెన వేయించాడు. తోవా దాని మీద గొడుగు పట్టుకుని, జిగురన్నం పొట్లం పట్టుకుని, పక్కపక్కగా అడుగులేస్తూ వెళ్ళేది. ఇప్పుడు మియెన్‌కి తోవా కాళ్ళు తప్ప ఇంకే కాళ్ళూ కనిపించడం లేదు.

"ఎన్నాళ్ళే ఇలా?"

"సోమవారం సిమెంటు పోస్తారట."

"అయితే ఆదివారం మూత వేసేసి ఇంటికి పో. ఇటు రాకు."

"నోర్ముయ్యక్కా."

"అక్కని పట్టుకుని నోర్ముయ్యమంటావా!"

"నేను కదలను. పోస్తే నా మీద కూడా పోస్తారు."

మియెన్ టీ తాగి గ్లాసు పైకి అందించింది. తర్వాత, "ఆ డ్రైవరు మంచివాడేనే. బూట్లకి రోజూ పాలిష్ వేసేవాడు" అంది.

తోవా ఖాళీ గ్లాసు తీసుకుని లేచింది.

శనివారం రాత్రంతా వాన కురిసింది. ఆదివారం మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలు తిని రేకుల కింద నిద్రపోతున్నారు. నీళ్ళు తోడే మోటారు ఒక్కటే మోగుతోంది. తోవా వంతెన సగం దాటగానే గట్టు అంచు విరిగింది. చెక్కతో పాటు ఆమె కార్ల కోసం తవ్విన గొయ్యి అడుక్కి జారి పడింది. తుంటి దగ్గర ఏదో పుటుక్కుమంది. మీద సగం దాకా మట్టి. చెరువు వైపు నుంచి ఊరుతున్న నీళ్ళు నడుం దాకా, తర్వాత రొమ్ము దాకా వచ్చాయి. మట్టి బరువుకి అరుద్దామంటే ఊపిరి చాలలేదు.

మియెన్ అరిచింది. పనివాళ్ళని పిలిచింది, దాక్‌ని పిలిచింది, క్వెన్‌ని పిలిచింది. మోటారు మోతలో ఆ పిలుపు దిమ్మ దాటలేదు.

అప్పుడు మూత పక్కకి జరిగింది. రెండు మోచేతులు గట్టుకి ఆన్చి, ఆకుపచ్చ చొక్కాలో ఉన్న పడుచుపిల్ల పైకి లేచింది. ఒక్కసారి ఆకాశం వైపు చూసింది. దిమ్మ మీంచి బురదలోకి దూకింది. చేతులతో మట్టి తోడి, చెల్లెల్ని లాగి వీపు మీద వేసుకుంది.

"అక్కా" అంది తోవా ఆమె చెవిలో, "కూత రాలేదు."

"తెలుసు. గట్టిగా పట్టుకో."

జారుడు మట్టి మీద నాలుగు కాళ్ళ జంతువులా పాకుతూ ఎక్కింది. పైకొచ్చేసరికి ఆమె జడలు నల్లగానే ఉన్నాయి. పెడల్ పడవల రేవు దాటేసరికి పాపిట దగ్గర జుట్టు నెరిసింది. చెరువు గట్టున ఫోటోలు తీయించుకుంటున్న పెళ్ళికూతురు తెల్లగౌను కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దారిచ్చింది. ఫోటోలవాడు కెమెరా దించాడు. పిల్లల ఆటస్థలం దగ్గర ఆమె నడుము వంగింది. చదరంగం బల్లల దగ్గర ఆడుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళమ్మని ఎరిగిన దాక్, ఆ ముఖం చూసి టోపీ తీశాడు. అంతా కలిసి సాయం పట్టబోతే మియెన్ తల అడ్డంగా ఊపింది. గేటు దగ్గర అరుగు మీద చెల్లెల్ని కూర్చోబెట్టేదాకా ఆమె ఆగలేదు. అప్పటికి ఆమె తోవా కంటే ఎనిమిదేళ్ళు పెద్ద ముసలావిడ. పళ్ళు కొన్ని లేవు. ఎగిరిపడుతున్న గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అబ్బ, ఎంత బరువున్నావే" అంది.

ఆసుపత్రిలో మంచాలు చాలక ఇద్దర్నీ ఒకే మంచం మీద, ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్ళు వచ్చేలా పడుకోబెట్టారు. మియెన్ ఒప్పుకోలేదు. నర్సుని బతిమాలి తను కూడా తోవా తల వైపుకే జరిగింది.

"ఇన్నేళ్ళూ కాళ్ళే చూశాను" అంది. వేళ్ళతో చెల్లెలి నుదురు, ముక్కు, దవడ తడిమింది. "ముఖం పెద్దగా బాగాలేదు."

"నీది మాత్రం బాగుందా?"

"అద్దం ఇవ్వట్లేదుగా వీళ్ళు."

తోవా నవ్వబోతే తుంటి నొప్పి పొడిచింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "ఎందుకొచ్చావక్కా? ఇంకొక్క రోజు ఉండుంటే ఇద్దరం కలిసే పోయేవాళ్ళం."

"అందుకే వచ్చాను" అంది మియెన్.

సోమవారం పొద్దున నర్సు వచ్చేసరికి తోవా మేలుకునే ఉంది. అక్క చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి చల్లబడి చాలాసేపయింది. కానీ చెబితే తీసుకెళ్ళిపోతారని తోవా ఎవరికీ చెప్పలేదు. అదే సమయానికి పార్కులో సిమెంటు లారీలు వరసగా నిలబడ్డాయి. పని అనుకున్న రోజుకే అయింది. క్వెన్ పూలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఎవరికివ్వాలో తెలియక మంచం పక్కన స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తోవా తుంటిలో కడ్డీ వేశారు. నెలలు పట్టింది. ఇంటికి పంపేరోజు నర్సు ఆమెని ఆసుపత్రి మెట్ల దగ్గర టాక్సీ ఎక్కించి, చేతికర్ర ఒళ్ళో పెట్టి, తలుపు వేసి లోపలికి పోయింది. డ్రైవరు కుర్రాడు అద్దంలో చూశాడు.

"ఎక్కడికి మామ్మా?"

తోవా నోరు తెరిచింది. జీవితమంతా పొద్దున లేస్తే ఎక్కడికి పోవాలో ఆమెకి తెలుసు. గది ఉంది, మిల్లు గోడ పక్కన, పడుకోవడానికి. కానీ పొద్దు ఇంకా చాలా ఉంది. సైగాన్ పోయే బస్సులు కూడా ఉన్నాయి. అక్కడ ఆమె ఎవర్నీ ఎరగదు, ఆ లారీ డ్రైవరు బతికున్నాడో లేదో తెలియదు. ఇప్పుడామె ఏ వేళకైనా, ఏ వైపుకైనా పోవచ్చు. ఎవరూ ఆకలితో ఎదురుచూడరు.

"మామ్మా, ఎక్కడికి?"

"ఉండు బాబూ" అంది తోవా. "ఆలోచించుకోనీ."

కుర్రాడు కాసేపు చూసి, ఇంజను ఆపేశాడు.