అన్నారం ఇచ్చిన పేరు

ముసలితనంలో ఎవరికైనా కాశీ మీద మనసు పడుతుంది. యాకయ్యకు మాత్రం బాగ్దాదు మీద పడింది.

ఆ మనసు పడేలా చేసింది మనవరాలు దీప్తి. హన్మకొండలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్న పిల్ల. ఈసారి వాళ్లకు ఇస్లాం నాగరికత చరిత్ర అని ఒక పేపరు పడింది. ఆ పిల్లకు పైకి చదివితే తప్ప బుర్రకెక్కదు. ఆ ముసలాయనకు పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతుంటే తప్ప పొద్దుపోదు. గంతకు తగ్గ బొంత కుదిరింది. కాలేజీ నుంచి వచ్చి చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని ఆమె చదివేది. ఆయన వరండా కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చుని వినేవాడు.

వినడమంటే ఊరికే ఊకొట్టడం కాదు. వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నడిపి నడిపి కొడుక్కి అప్పజెప్పిన మనిషి. ఏ ఊరి సంగతి చెప్పినా ముందు అక్కడి బజారు సంగతి అడుగుతాడు. బాగ్దాదులో ఒక వీధి పొడుగునా కాగితాలూ పుస్తకాలూ అమ్మే దుకాణాలే ఉండేవని ఆమె చదివితే ఆయనకు నమ్మకం కుదరలేదు.

"అన్నీ పుస్తకాల దుకాణాలే అయితే మరి ఉప్పు పప్పు ఎవలమ్మిండ్లు బిడ్డా?"

"వేరే బజార్లుండె తాతా. పండ్లకైతే ఒక బజారే ఉండెనట."

"గట్ల చెప్పు. పుస్తకం తిని బతుకుతరా ఎవలన్న."

మన దేశపు లెక్కలు అక్కడికి చేరాయనీ, కాగితం చేసే పని అటునుంచి ఇటు నడిచొచ్చిందనీ విన్నప్పుడు మాత్రం తృప్తిగా తల ఊపాడు. "మనం సున్న ఇచ్చినం, ఆళ్లు కాయితమిచ్చిండ్లు. ఇద్దరికీ నష్టం లేని బేరం."

అలా చదువుతుండగానే ఒకరోజు యాకూబ్ అన్న పేరు వచ్చింది. దీప్తి పుస్తకం మూసి తాత ముఖంలోకి చూసింది.

ఆ పేరు సంగతి ఈ దిక్కున తెలియనివాళ్లు లేరు. యాకయ్యలూ యాకమ్మలూ ఊరికి నలుగురుంటారు. అన్నారం దర్గాలో యాకూబ్ షావలికి మొక్కితే నిలిచిన పిల్లలు వాళ్లంతా. యాకయ్య తల్లి మొగిలమ్మకు అంతకుముందు పుట్టినవాళ్లు పుట్టినట్టే పోయారు. ఆమె నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఎడ్లబండి కట్టించుకుని అన్నారం వెళ్లింది. ఈ పిల్లగాడు దక్కితే నీ పేరే పెట్టుకుంటాననీ, పుట్టువెంట్రుకలు నీ ముందే తీయిస్తాననీ మొక్కింది. పిల్లవాడు దక్కాడు. బెల్లం రొట్టెల మలీద పంచింది. ఎంకన్నకు మొక్కినవాడు ఎంకటయ్య అయినట్టే ఈయన యాకయ్య అయ్యాడు. అందులో వింత ఉందని ఎవరూ అనుకోలేదు.

దీప్తికి వింత మరోచోట కనబడింది. "గా పేరు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఎరుకేనా తాతా? సమర్కందుల ఉన్నది, స్పెయిన్ల ఉన్నది. దేశాలు దాటొచ్చి మన నర్సంపేట బండెక్కింది."

"అబ్బో. నేను హైదరాబాదు దాటకపోయినా నా పేరన్న దాటింది."

కాలేజీ సెమినార్లో ఆమె ఆ ముచ్చటే చెప్పింది. తాతను తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టింది. ఇస్తిరి పంచె, తెల్ల చొక్కా, కొత్త పెండ్లికొడుకులా ఉన్నాడాయన. "నాగరికత అంటే కోటలు, యుద్ధాలే కాదు. మా తాత పేరు కూడా" అని ఆమె అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి దండం పెట్టాడు.

వెనక వరుసలో ఎవరో దాన్ని ఫోన్లో తీశారు. అది నాలుగు గ్రూపులు తిరిగి, చివరికి కాలనీ గుడి కమిటీ గ్రూపులో పడింది.

ఆ కమిటీకి అధ్యక్షుడు యాకయ్య కొడుకు, దీప్తి తండ్రి రాజమౌళి. గుడి ముందు మండపం తన ఖర్చుతో కట్టిస్తున్నాడు. ఆ పదవి మీద ఎప్పటినుంచో కన్నేసిన సారయ్యకు ఆ వీడియో వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. అందరూ కూర్చున్న చోట మెల్లగా అన్నాడు.

"మండపం బండ మీద మీ బాపు పేరు తెలుగుల రాస్తే సరిపోతదా రాజమౌళి సేటూ, ఉర్దూల గూడ చెక్కియ్యాల్నా?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో సగంమంది తల్లులు అన్నారంలో మలీద పంచినవాళ్లే. అయినా నవ్వారు.

మండపం ప్రారంభానికి ముందు రోజు రాజమౌళి వరండాలోకి వచ్చి, తండ్రి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బాపు, బండ చెక్కుడయిపోయింది. తండ్రి యాదగిరి అని రాయిచ్చిన."

"యాదగిరెవడ్రా?"

"నువ్వే."

యాకయ్య నవ్వాడు. "కాటికి కాళ్లు చాపినంక నాకు తొట్టెల కట్టి పేరు పెడతానవార?"

"నవ్వకు బాపు. బజార్ల నన్ను చూసి నవ్వుతాండ్లు, సాలదా?"

"నీ పుట్టెంటికలు గూడ అన్నారంలనే తీపిచ్చినం. నీకు ఎరుకలేదా?"

రాజమౌళి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నీకు దండం పెడత, గా ముచ్చట ఎవలతోని అనకు. రేపు పీటల మీద నువ్వే కూసుంటవ్. పంతులు పేరడుగుతడు, మైకుంటది. యాదగిరి అను. అన్నవా, నీ మనవరాలి సదువుకు నేనడ్డం రాను. యాకయ్య అంటివా, గా పుస్తకాలు అటక మీదికే, ఎల్లుండి నుంచి సంబంధాలు చూసుడే. ఈ ముచ్చట దానికి తెల్వద్దు. తెలిసినా గంతే."

కన్న కొడుకు ఇలా బేరం పెడతాడని యాకయ్య అనుకోలేదు. తానే నేర్పాడు వాడికి బేరం.

"దాని సదువు ఆపవు గద?"

"ఆపను. నీ మీదొట్టు."

మర్నాడు మండపంలో మామిడి తోరణాలు, సన్నాయి, ప్లాస్టిక్ కుర్చీల నిండా జనం. కొబ్బరికాయల పళ్లెం పట్టుకుని స్తంభం పక్కన నిలబడింది దీప్తి. బండ మీది పరదా ఇంకా తీయలేదు. తాత మైకులో తన పేరు చెబుతాడని ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది.

"పెద్దాయన పేరు?" అన్నాడు పంతులు.

నోరు తెరిస్తే వచ్చేది ఒక్కటే పేరు. పొద్దుగూకినవేళ వాకిట్లో నిలబడి మొగిలమ్మ పిలిచిన పేరు. పిలిచిన ప్రతిసారీ, ఉన్నాడు నా కొడుకు, పోలేదు అని ఆమె గుండె మీద చెయ్యి వేసుకున్న పేరు. దాన్ని నాలుక కింద అదిమిపెట్టాడు.

"యాదగిరి."

"జర గట్టిగా, మైకు దగ్గర."

"యాదగిరి."

స్పీకర్లలో అది కాలనీ అంతా వినిపించింది. సారయ్య తల వంచుకుని అక్షింతలు అందుకున్నాడు. స్తంభం పక్కనున్న పళ్లెం కింద పెట్టి ఉంది. దీప్తి లేదు.

సాయంత్రం ఆమె వరండాలోకి వచ్చింది. చేతిలో పుస్తకం లేదు.

"ఎందుకన్నవ్ తాతా? డాడీ భయపెట్టిండా?"

"ఎవలు భయపెట్టలే బిడ్డా."

"మరి నీకే సిగ్గనిపించిందా?"

కాదంటే అసలు సంగతి బయటపడుతుంది. పడితే చదువు పోతుంది. యాకయ్య పంచె అంచు సర్దుకున్నాడు.

"జరంత అనిపించింది బిడ్డా. నలుగుట్ల ఉన్నం గద."

ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది. నిలబడి ఆయన్ను కాసేపు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అంతమంది ముందల నిన్ను నిలబెట్టి, గర్వంగ చెప్పుకున్న. నీకే వద్దైన పేరు నేనెందుకు మొయ్యాలె? తప్పు నాదే."

ఆ పేపరు పరీక్ష ఆమె రాయలేదు. తర్వాత కాలేజీకే పోలేదు. బ్యాంకు పరీక్షల కోచింగులో చేరింది. ఇప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లోపలి గదిలోనే చదువుకుంటుంది. వరండాలోకి రాదు. తాతకు అన్నం పళ్లెం తెచ్చిపెడుతుంది, మంచినీళ్లు పెడుతుంది, తినమని చెబుతుంది. అంతకు మించి ఒక్క మాట ఉండదు.

ఒకనాడు రాజమౌళి దుకాణం కట్టేసి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. వాడి ముఖం కూడా వాడిపోయి ఉంది.

"చూసినవ్ గద బాపు. నేనైతే అడ్డం పడలే. సదువుకొమ్మనే అన్న. అదే ఇడిసిపెట్టింది."

"అవు బిడ్డా," అన్నాడు యాకయ్య, కొడుకు భుజం మీద చెయ్యి వేసి. "నువ్వు మాట తప్పలే."