ఇరవై రెండు అడుగుల ఖాళీ

దగ్గరికి జరగండి, ఇంకాస్త. ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా రండి. ఇది మా మరిది కథ. రాజులు లేరు, యుద్ధాలు లేవు. కానీ ఒక ఓటింగు ఉంది.

ఆ రోజు పొద్దున్న ఏడు గంటలకు అతను బడి మూల మీది స్తంభం దగ్గర నిలబడి, దానికి అంటించిన కాగితం అంచులు బొటనవేలితో నొక్కుతున్నాడు. పొడుగు మనిషి, కాస్త వంగి నడిచేవాడు. కుడిచేతి వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు పొరలు పొరలుగా ఉండేది. అన్నానికి కూర్చునే ముందు అది గీక్కోవడానికే పావుగంట పట్టేది.

నగరపాలక కార్యాలయంలో ట్రాఫిక్ విభాగంలో అతనికి ఉద్యోగం. ఒకచోట బండ్లు ఆపకూడదని బోర్డు పెట్టాలంటే ఊరికే పాతేస్తే కుదరదట. ఎవరో ఒకరు అర్జీ పెట్టాలి. ఇంజనీరు వచ్చి కొలవాలి. ఏం మారుస్తున్నారో కాగితం మీద రాసి, ఆ వీధి స్తంభాలకు పద్నాలుగు రోజులు అంటించి ఉంచాలి. ఇష్టంలేనివాళ్ళు అభ్యంతరం రాసివ్వచ్చు. ఆ తరవాత అయిదుగురి కమిటీ అందరి మాటా విని చేతులెత్తి తేల్చాలి. కాగితాలు అంటించడం, అవి చిరగకుండా రోజూ చూసుకోవడం మా మరిది పని. ముప్పయ్యొక్క ఏళ్ళు అదే చేశాడు. ఊరంతా అతన్ని స్తంభాలాయన అనేది. తన కాగితాన్ని నిలబడి చివరిదాకా చదివినవాళ్ళు ఇన్నేళ్ళలో పదకొండు మందేనని లెక్క చెప్పేవాడు.

భార్య పోయాక మా ఇంట్లోనే ఉండేవాడు. నడిస్తే అడుగులు లెక్కపెట్టడం అలవాటు. "వదినా, వంటింటి నుంచి వీధి గుమ్మానికి ముప్పై ఆరు అడుగులు. నువ్వు రోజుకు వందసార్లు తిరుగుతావు, ఎప్పుడో పక్క ఊరు చేరాల్సింది!" అనేవాడు.

ఆ బడి మూల మీద సోఫాల దుకాణం వ్యాను నిలిచేది. పిల్లలు దాని వెనక నుంచి రోడ్డు మీదకు వచ్చేవాళ్ళు. వాళ్ళకు స్కూటరు కనపడదు, స్కూటరువాడికి వాళ్ళు కనపడరు. ఆ రోజుకు రెండు నెలల కింద రెండో తరగతి పిల్లకు చేయి విరిగింది. బడి ఆయా ముప్పై తొమ్మిది మంది తల్లుల చేత సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చింది. ఆ మూల మీద ఇరవై రెండు అడుగుల మేర బండ్లు నిలపకుండా ఖాళీగా ఉంచాలని అడిగింది. ఆ రోజు తేలకపోతే కమిటీ మళ్ళీ కూర్చునేది మూడు నెలలకు. ఈలోపు ఇంకో పిల్లకు ఏమవుతుందో ఎవరికి తెలుసు?

పది గంటలకు హాలు నిండింది. మా మరిది ఎప్పటిలాగే తలుపు పక్కన నిలబడ్డాడు. ఆ హాల్లో అతను ఏనాడూ నోరు విప్పలేదు.

సోఫాల షావుకారు లేచాడు. "నా వ్యాను ఎక్కడ పెట్టుకోమంటారమ్మా, నెత్తిమీదా? మూడు సీట్ల సోఫాని చంకలో పెట్టుకుని ఊరేగమంటారా?"

హాలంతా నవ్వింది. ఆయా ఊరుకుంటుందా? "పోనీ ఆ సోఫాలో కూర్చోబెట్టి మా పిల్లల్ని నువ్వే రోడ్డు దాటించవయ్యా!" అంది.

నవ్వులు ఆగాక షావుకారు గొంతు తగ్గించాడు. "అసలీ నోటీసే చెల్లదు. పదిహేడో నంబరు స్తంభం నుంచి ఇరవై రెండు అడుగులని రాశారు. ఆ స్తంభాన్ని పోయినవారం కరెంటువాళ్ళు పీకేశారు. కొత్తది ఎనిమిదడుగులు అవతల పాతారు. వెళ్ళి చూసుకోండి."

ఏం జరిగిందో మా మరిదికి అప్పుడే అర్థమైంది. కరెంటువాళ్ళు మంచివాళ్ళు. పాత స్తంభం నుంచి కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి, కొత్తదానికి అంటించి వెళ్ళారు. అతను రోజూ వచ్చి కాగితం చూశాడు, అంచులు నొక్కాడు, వెళ్ళిపోయాడు. ఊరి స్తంభాలన్నీ తెలిసిన మనిషి, స్తంభం మారిన సంగతి చూసుకోలేదు.

కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "అయితే నోటీసు మళ్ళీ అంటించాల్సిందే. వచ్చే సమావేశంలో..."

"మూడు నెలలా తల్లీ!" అని ఆయా నెత్తిన చేతులు పెట్టుకుంది.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినపడింది. సన్నగా. "అమ్మా, ఒక్క మాట."

అందరూ వెనక్కి తిరిగారు. గోడ మాట్లాడినట్టు చూశారట.

"తప్పు నాదేనమ్మా. కాగితం చూశాను, స్తంభం చూడలేదు. కానీ షావుకారుగారి అభ్యంతరం ఫైల్లో ఉంది. మూడో రోజునే ఇచ్చారు, అప్పటికింకా పాత స్తంభమే. ఒకసారి చదివించండి."

గుమాస్తా వెతికి చదివాడు. "మీరు చెప్పిన ఇరవై రెండు అడుగులు సరిగ్గా నా మూడో షట్టరు దాకా వస్తున్నాయి. నేను దగ్గరుండి కొలిపించాను."

"నష్టపోయేవాళ్ళకి తెలియాలనేగా నోటీసు?" అన్నాడు మా మరిది. "ఆయనకి తెలిసింది. చివరిదాకా చదివిన పన్నెండో మనిషి ఆయనేనమ్మా."

ఇంకేముంది, హాలంతా గొల్లున నవ్వింది! షావుకారు మాత్రం పట్టు వదల్లేదు. "రాసింది ఒకటి, నేల మీద ఉన్నది ఒకటి" అన్నాడు.

"అయితే నేల మీదే చూద్దాం పదండి" అని అధ్యక్షురాలు చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

కమిటీ ముందు, జనం వెనక! పక్క వీధే కాబట్టి నడిచే వెళ్ళారు. పాత స్తంభం ఉన్నచోట గుండ్రంగా కొత్త సిమెంటు కనపడింది. మా మరిది టేపు ఒక కొస అక్కడ మోకాలి కింద అదిమిపెట్టాడు.

"రెండో కొస మీరే పట్టుకోండి షావుకారుగారూ" అంది అధ్యక్షురాలు.

ఆయన పళ్ళబిగువున లాగాడు. సాగుతుందేమోనని ఆశ! ఇరవై రెండో అడుగు మూడో షట్టరు గాడిలో సరిగ్గా పడింది.

అక్కడే, రోడ్డు పక్కనే ఓటింగు. కావాలని రెండు చేతులు లేచాయి. వద్దని రెండు లేచాయి. అయిదో సభ్యుడు భారీ మనిషి, షావుకారుకు దోస్తు. ఎటూ తేల్చుకోలేక వ్యాను వైపు చూస్తున్నాడు.

"ఒక్కసారి దాని వెనక కూర్చోండి సార్, రెండో తరగతి పిల్లంత ఎత్తులో" అంది ఆయా.

పాపం, ఆయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "ఏమీ కనపడటం లేదే!" అన్నాడు. అలా కూర్చునే చెయ్యెత్తాడు.

"కావాలనా, లేవదీయమనా?" అంది అధ్యక్షురాలు.

"రెండూనండీ!"

ఆ మూల మీద లేచిన కేకలకు బడిలో పాఠం ఆగిపోయిందట. పొద్దున్న తొమ్మిదింటిలోపు పక్కసందులో సరుకు దించుకోవచ్చని షావుకారుకు కూడా అప్పుడే అనుమతిచ్చారు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అని ఆయన గొణిగాడు.

మధ్యాహ్నానికి ఉత్తర్వు మీద సంతకం పడింది. సాయంత్రానికి పెయింటర్ వచ్చి బండ్లు ఆపకూడదని రోడ్డు అంచు పొడుగునా పసుపు గీత వేశాడు. గీత వంకరపోకుండా దారం పట్టుకున్నది మా మరిదే. ఎలా ఉందో చూద్దామని వెనక్కి జరిగి, ఎడమ కాలు తడి రంగులో వేశాడు. పెయింటర్ తిడితే నవ్వాడట.

దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చి అంతా నాకు ఆడి చూపించాడు. షావుకారు తనే, ఆయా తనే, గొంతుక్కూర్చున్న సభ్యుడూ తనే. నాకు నవ్వలేక పొట్ట నొప్పి పుట్టింది.

"వదినా, ఇవాళ నేను మాట్లాడాను" అన్నాడు.

"ఇప్పుడు విన్నానుగా నాయనా. ఉండు, కాఫీ తెస్తాను."

తెచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అలసి నిద్రపోయాడనుకున్నాను. చప్పుడు చేయకుండా గ్లాసు పక్కన పెట్టి వచ్చాను. కాఫీ చల్లారింది. అతను ఇక లేవలేదు.

ఈ కథ గుర్తుపెట్టుకోండి పిల్లలూ, పదిమందికీ చెప్పండి. షావుకారు మాటల దగ్గర గొంతు పెంచండి, అయిదో ఓటు దగ్గర కాసేపు ఆగండి. చివర మాత్రం మెల్లగా చెప్పండి. ఆ సాయంత్రం మా గడప పక్కన అతని చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. ఎడమది బోర్లాపడి ఉంది, అడుగున పసుపు రంగు ఇంకా ఆరలేదు.