జేబులో ఉన్న ఫ్యూజు

‘ఫ్యూజు మామయ్య’ అని మేనకోడలు సరదాగా పెట్టిన పేరు నలుగురి నోళ్లలో పడి ఎలక్ట్రీషియన్‌కు స్థిరపడిపోయింది. ఆయన నొచ్చుకోలేదు. ఎక్కడ పని పట్టినా ముందు పింగాణీ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. బయలుదేరే ముందు మళ్లీ దాని గాడిలో గుచ్చుతాడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

పోయిన నెల అక్కవాళ్ల షెడ్డులో కరెంటు కారు కాలిపోయిన రోజున కూడా ఫ్యూజు ఆ జేబులోనే ఉంది. పొద్దున స్విచ్చు మార్చడానికి వచ్చాడు. పని సగంలో ఉండగానే అక్క భోజనానికి పిలిచింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఏదో తియ్యటి వాసన, వెనకాలే ఢామ్మని చప్పుడు. షెడ్డు పైగదిలో నిద్రపోతున్న పాపను, అదే ఆ మేనకోడల్ని, బావ దుప్పటితో సహా ఎత్తుకొచ్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే పాప దక్కేది కాదు.

కంపెనీవాళ్లు మాత్రం తీరిగ్గా చేతులు దులుపుకున్నారు. ఇంటి వైరింగు లోపం వల్ల ప్లగ్గు వేడెక్కి మంట పుట్టిందట! ఈ రోజు వాళ్ల ఇంజినీరు అదే మోడలు కొత్త కారు వేసుకుని మరీ వచ్చాడు. తప్పు వైరింగుదేనని అక్క సంతకం పెడితే ఆ కారు అక్కవాళ్లదే. ఆ వైరింగు చేసింది ఆవిడ తమ్ముడు, ఈ ఎలక్ట్రీషియనే. ఆ కాగితం బయటికొస్తే ఇక ఆయన్ని గుమ్మం ఎక్కనిచ్చేవాడెవడు?

తాళంచెవి చేతికి అందగానే బావ బయటికి నడిచాడు. ఆ హడావిడిలో ఫోను కూడా బల్ల మీదే మరిచాడు. అక్క కలం అందుకుంది.

“ఆ పూట షెడ్డుకి కరెంటే లేదు సార్. ఫ్యూజు నా జేబులో ఉంది,” అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఇంజినీరు ఫైల్లోంచి ఓ ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. “మర్నాడు మేం తీసిందండీ. ఫ్యూజు బోర్డులోనే ఉందిగా?”

ఉంది. ఎలక్ట్రీషియన్‌కు ఆ సాయంత్రం గుర్తొచ్చింది. మంట ఆరింది, అందరూ ఏడుస్తున్నారు, తాను షెడ్డులోంచి బయటికొస్తున్నాడు. ఆ కంగారులో చేతులు వాటి అలవాటు అవి చూసుకున్నాయి.

“నేనే పెట్టానక్కా. మంట ఆరాక.”

“ఏరా, కాలిపోయిన బోర్డుకి ఎవరన్నా ఫ్యూజు పెడతారా?” అక్క గొంతులో కోపం కంటే జాలి ఎక్కువుంది. అదే ఆయనకు ఎక్కువ నొప్పి పుట్టించింది.

తన మీద తనకే ఒళ్లు మండి ఫొటో లాక్కున్నాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. బోర్డంతా మసి. స్విచ్చులు కరిగి జారాయి. ఫ్యూజు మాత్రం పాలలా తెల్లగా ఉంది. దాని మీద నల్లటి బొటనవేలి ముద్ర ఒకటి.

“ఆ ముద్ర నాది. మంటప్పుడు ఇది బోర్డులో ఉండుంటే ఇంత తెల్లగా ఉంటుందా సార్? మీరే చెప్పండి.”

ఇంజినీరు ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. చాలాసేపు చూశాడు. “ఒక్క నిమిషం,” అని వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోను చేశాడు. గొంతు తగ్గించాడు గానీ కిటికీ తెరిచే ఉంది.

“మన కారు గోడ దగ్గర్నించి దూరంగా తోయించు. నడపొద్దు. పిల్లల్ని అస్సలు ఎక్కించొద్దు… అబ్బా, చార్జింగులో లేకపోయినా సరే, చెప్పింది చెయ్యి!”

లోపల అక్క చేతిలో కలం ఆగిపోయింది. సంతకంలో మొదటి అక్షరమే పడింది.

తాను గెలిచానని ఎలక్ట్రీషియన్‌కు తట్టను కూడా లేదు. “పాపేదక్కా?” అన్నాడు.

“బావతో వెళ్లింది. కొత్త కారులో ఒక రౌండు తిప్పుకొస్తానన్నారు.”

ఆయన గేటు దాకా పరుగెత్తాడు. వీధి రెండు చివరలా ఖాళీగా ఉంది. వెనక అక్క భర్తకు ఫోను చేసింది.

బల్ల మీద, ఆ కాగితం పక్కన, బావ ఫోను మోగింది.