రొంటిలో వక్కలసంచి

నూకమ్మకి ఏ రోగమూ లేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు నూకమ్మ, రెండోవాడు ఆవిడ కొడుకు జయకుమార్. ఇద్దరికీ నోరు విప్పే ధైర్యం లేకపోబట్టే ఆ శనివారం పొద్దున ఆవిణ్ణి మలేషియాలోని ఇపో ఊళ్ళో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో మంచమెక్కించి, చేతికి సూది గుచ్చి, బాటిలు వేలాడదీశారు.

అంతా ఆకూవక్కతో వచ్చిన తంటా. ఎస్టేటులో రబ్బరు చెట్లు గీసిన రోజుల నుంచీ నూకమ్మకి బుగ్గన ఆకు లేకపోతే పొద్దు కదలదు. కోడలు మోహనప్రియకి ఆ వాసన సోకితే చాలు, ముఖం మాడిపోతుంది. ఊరికే కాదు పాపం. ఆ పిల్ల కన్నతల్లి వక్కా పొగాకూ నమిలి నమిలి నోట్లో పుండుతోనే పోయింది. అందుకని కొన్నేళ్ళ కిందట అత్తగారి చేత, మనవరాలు పునిత నెత్తిన చెయ్యి వేయించి, ఇక ముట్టనని ఒట్టు వేయించుకుంది. నూకమ్మ బుద్ధిగా వేసింది. ఆ రాత్రే పిల్ల నిద్రపోయాక మళ్ళీ నెత్తిన చెయ్యి పెట్టి, ఒట్టు తీసి గట్టున పెట్టేసింది. అక్కడితో పాపం చెల్లిపోయిందని ఆవిడ నమ్మకం.

సరుకు తెచ్చేది జయకుమార్. యాభై దాటిన మనిషి, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, అక్కడ ఆయన దగ్గితే మిషన్ల దగ్గర మనుషులు సర్దుకుని నిలబడతారు. ఇంట్లో పెళ్ళాం దగ్గితే ఆయన సర్దుకుని నిలబడతాడు. శుక్రవారం గుడికి పూలు కొనే వంకతో లిటిల్ ఇండియా బజారుకి వెళ్ళి, ఆకులూ వక్కలూ పొగాకూ కొని, కారులో స్పేరు టైరు కింద దాచి తెస్తాడు. ఈసారి పాత రకం పొగాకు లేదంటే, దుకాణంవాడు ఏది ఇస్తే అది తెచ్చాడు.

శనివారం కోడలు స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని నూకమ్మ వెనక వంటగదిలో చేరి ఒక చిలక చుట్టి బుగ్గన పెట్టింది. కడుపులో ప్రెషర్ మాత్ర తప్ప ఏమీ లేదు. కొత్త పొగాకు ఒక్క ఊపు ఊపేసరికి బుర్ర గిర్రున తిరిగింది. సింకులో ఉమ్మేసి, గట్టు పట్టుకుని, మెల్లగా జారి నేల మీద కూలబడింది. తడి తలతో పరుగెత్తుకొచ్చిన మోహనప్రియకి సింకంతా ఎర్రగా కనబడింది. ఆ పిల్ల వేసిన కేకకి జయకుమార్ వచ్చాడు. సింకు చూశాడు, తల్లిని చూశాడు, వెంటనే పంపు తిప్పేశాడు. తల్లి కూడా వాడిచ్చిన గ్లాసుడు నీళ్ళతో నోరు పుక్కిలించేసింది. అలా తల్లీకొడుకులు కలిసి సాక్ష్యాన్ని శుభ్రంగా కడిగేశారు. మిగిలింది మోహనప్రియ కళ్ళు చూసిన రక్తం ఒక్కటే.

"ఎంత పడింది?" అని అడిగాడు డాక్టర్ ఇళంగోవన్. కుర్రవాడే, కళ్ళ కింద నల్లటి చారలు. మాటలన్నీ తమిళంలో. ఇపో తెలుగువాళ్ళకి ఇంటి గడప దాటితే అదే సొంత భాష.

"ఒక గ్లాసుడు డాక్టర్. ఇంకా ఎక్కువే," అంది మోహనప్రియ.

"ఆకూవక్కా అలవాటుందా?"

"ఉండేది. మా అమ్మాయి మీద ఒట్టేసి మానేశారు. మాట ఇస్తే నిలబడే మనిషి డాక్టర్."

మాట మీద నిలబడే ఆ మనిషి మంచంలో ఇంకాస్త ముడుచుకుని కళ్ళు మూసుకుంది. కాళ్ళ వైపు తెర పట్టుకుని నిలబడ్డ జయకుమార్ సీలింగు ఫ్యాను వైపు చూశాడు. ఆ ఫ్యాను తిరగడం లేదు, అయినా చాలాసేపు చూశాడు.

డాక్టరు అడుగుతున్నాడు, కోడలు చెబుతోంది. మాటలన్నీ నూకమ్మ మీదుగా అటూ ఇటూ పోతున్నాయి గానీ ఒక్కటీ ఆవిడ మీద వాలడం లేదు. నర్సు ప్రేమిల మాత్రం అప్పుడప్పుడు ఆవిడ చెవి దగ్గరకొచ్చి, "పాటీ, బాగున్నారా?" అని తమిళంలో మామ్మని పలకరిస్తూ మైకులో చెప్పినట్టు అరుస్తోంది. గోడ మీద బల్లి కదిలినా నూకమ్మకి వినిపిస్తుంది. ముసలిదనగానే చెవుడని ఎవడు చెప్పాడో వీళ్ళకి, అనుకుంది.

ఆసుపత్రి గౌను తొడుగుదామని ప్రేమిల చీర కుచ్చిళ్ళ మీద చెయ్యి వేసింది. నూకమ్మ రొంటిన దోపుకున్న వక్కలసంచి అక్కడే ఉంది. రెండు చేతులతో కడుపు గట్టిగా అదిమి పట్టుకుని ముడుచుకుపోయింది.

"కడుపు నొప్పి కూడా ఉంది డాక్టర్," అంది ప్రేమిల. కడుపుకి స్కానింగు రాశారు.

ఇక లాభం లేదనుకుంది నూకమ్మ. తల తిరుగుడు ఎప్పుడో తగ్గిపోయింది. కానీ తెలివిగా కనబడితే ఎప్పుడో ఒకప్పుడు తననే అడుగుతారు. అడిగితే సంచి బయటపడుతుంది, సంచి వెనకాల కొడుకు బయటపడతాడు. వాడి బతుకు కుక్కలు చింపిన విస్తరైపోతుంది. తెలివి తప్పినదాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఈ ఉపాయం తట్టినందుకు తనని తనే మెచ్చుకుంది.

"పాటీ, మీరిప్పుడు ఎక్కడున్నారు?" అన్నాడు డాక్టరు, మొదటిసారి ఆవిడ వైపు వంగి.

"ఎస్టేటులో. రబ్బరు పాలు తూకానికి ఎల్లాల, తప్పుకో," అంది నూకమ్మ తెలుగులో.

మోహనప్రియ ఆ మాట డాక్టరుకి తమిళంలో చెప్పింది.

"ఇది ఏ సంవత్సరం?"

"ఏమో బాబూ. జపానోళ్ళు ఎల్లిపోనారేటి?" అది వాళ్ళమ్మ చెప్పే జపాను యుద్ధకాలం కథల్లోది. సమయానికి భలే గుర్తొచ్చిందని నూకమ్మకి లోపల నవ్వొచ్చింది.

"ఈవిడ ఎవరు?" అని మోహనప్రియని చూపించాడు.

నూకమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. ఇక్కడితో ఆపేసినా సరిపోయేది. నోరు ఊరుకుంటేగా. "ఎవరో మంచి ఆడమనిషి. మా కోడలైతే ఇంత మెత్తగా సెయ్యి పట్టుకోదు."

మోహనప్రియ సగం చెప్పి ఆగిపోయింది. మంచం పట్టె మీద నుదురు ఆనించి ఏడ్చింది. తడి తల ఇంకా దువ్వుకోనేలేదు. "మా అమ్మ కూడా ఆఖర్న నన్ను ఎవరో అనుకుంది," అంది. తర్వాత తల ఎత్తి మొగుడితో, "సోమవారం బ్యాంకుకి రాజీనామా ఇచ్చేస్తాను. ఇక అత్తని ఒక్క నిమిషం వదలను. రోజంతా పక్కనే ఉంటాను," అంది.

నూకమ్మకి రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. ఒకటి సిగ్గు. తల్లి పోయిన పిల్లని ఇంత ఏడిపించినందుకు తన మొహం తనకే చూపించుకోబుద్ధి కాలేదు. రెండోది భయం. కోడలు రోజంతా ఇంట్లోనే. మధ్యాహ్నం పూట కూడా. ఏ దెబ్బ ముందు తగిలిందో ఆవిణ్ణి గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు.

"రక్తం, కడుపు నొప్పి, మతి తప్పడం," అన్నాడు డాక్టరు మెల్లగా. "తలకి స్కానింగు తీయాలి. గొంతులోంచి గొట్టం వేసి లోపల చూడాలి. వార్డులో చేర్చుకుంటాం."

జయకుమార్ గొంతు సవరించుకున్నాడు. "డాక్టర్, అదేమిటంటే..." పెళ్ళాం తల తిప్పి చూసింది. "అదేమిటంటే, కారు అడ్డంగా పెట్టి వచ్చాను," అన్నాడు.

వీడి వల్ల కాదని నూకమ్మకి అర్థమైపోయింది. లేచి కూర్చుంది. రొంటిలో చెయ్యి పెట్టి సంచి తీసింది. దుప్పటి మీద ఆకు పరిచి, ఈనె తీసి, వేలితో సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి బుగ్గన పెట్టుకుంది.

"పాటీ, మీరేమీ తినకూడదు," అన్నాడు డాక్టరు.

"తినడం కాదు నాయనా, చూపిస్తున్నాను," అంది. ఈసారి తమిళంలో, స్పష్టంగా. తాపీగా నమిలి, ప్రేమిల చేతిలో ఉన్న, వాంతికి పట్టే అట్టగిన్నె అందుకుని అందులో ఉమ్మింది. ఎర్రగా నిండింది. "ఇదే పొద్దుటి రక్తం. కడుపు నొప్పి ఈ సంచీ. మతి నాకు పుష్కలంగా ఉంది."

ప్రేమిల చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు దాచుకోవడానికి.

"ఇది ముందే చెప్పొచ్చు కదా పాటీ," అన్నాడు డాక్టరు.

"నువ్వు నన్నడిగావా బాబూ? అన్నీ దాన్నే అడిగావు. నోరు నాది. నా నోట్లోకి ఏం పోయిందో నన్నే కదా అడగాలి."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. కుర్రాడు మంచివాడే. స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ అన్నీ మళ్ళీ అడిగాడు, ఆవిణ్ణే. ఏ ఊరు, ఏ వారం, ఏ మాత్రలు, ఎప్పుడు తిన్నారు. ఆవిడ తడుముకోకుండా చెప్పింది. నిలబెట్టి ప్రెషర్ చూశాడు. గుండె బొమ్మ తీయించాడు. ఖాళీ కడుపున మాత్రా, దాని మీద ఘాటు పొగాకూ, అంతే, గొట్టం అక్కర్లేదన్నాడు.

"మరి ఈవిడ ఎవరు పాటీ?" అన్నాడు చివర్లో.

"నా కోడలు. మోహనప్రియ." నూకమ్మ సంచి తీసి కోడలి చేతిలో పెట్టింది. ఇక తెలుగులోనే, "నువ్వు ఏడుస్తుంటే సూడలేకపోనాను. తప్పు సేసినాను. ఉంచుకో," అంది.

మోహనప్రియకి తిట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. అత్తగారి పెదాల మీది ఎరుపు తన చేతిరుమాలుతో గట్టిగా, కొంచెం కసిగానే, తుడిచింది. అప్పుడు అడిగింది. "ఇది మీకు ఎవరు తెచ్చిస్తున్నారత్తా?"

తెర దగ్గర జయకుమార్ మళ్ళీ ఆ తిరగని ఫ్యాను వైపు చూశాడు.

నూకమ్మ కళ్ళు మెల్లగా శూన్యంలోకి తిరిగాయి. "అదొక్కటే గుర్తు రావటం నేదమ్మా," అంది. "ముసల్దాన్ని గదా."

డాక్టరు ఏదో పనున్నట్టు పక్క మంచం వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ఇంటికి పంపేశారు. జయకుమార్ కారు నడుపుతున్నాడు, పక్కన మోహనప్రియ, వెనక సీటులో నూకమ్మ. జయకుమార్‌కి మెల్లమెల్లగా ప్రాణం లేచివచ్చింది. పెదాల మధ్య ఏదో కూనిరాగం కూడా మొదలుపెట్టాడు.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. మోహనప్రియ ముందుకే చూస్తూ అంది. "వక్క వద్దు, పొగాకు వద్దు, అవి ఇక మన గడప తొక్కకూడదు. వట్టి ఆకులో సోంపు పెట్టి నేనే చుట్టి ఇస్తాను. భోజనం తర్వాత ఒక్కటి. శుక్రవారం నేనే వెళ్ళి కొంటాను. సరేనా అత్తా?"

నూకమ్మ గుండె కరిగిపోయింది. పొద్దుట్నించీ ఇంత జరిగాక ఈ పిల్ల ఇంత మాట అంటుందని అనుకోలేదు. ఆనందంలో మనిషి ఒళ్ళు మరిచిపోవడం సహజం.

"సరేనే తల్లీ. లేతాకు సూసి తే," అంది. "ఈడికి ఎంచడం రాదు. ఎప్పుడూ ముదురాకే తెస్తాడు."

కూనిరాగం ఆగిపోయింది. మోహనప్రియ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. సిగ్నల్ పచ్చబడింది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు గానీ, జయకుమార్ కాలు పెడల్ మీదికి వెళ్ళడం లేదు.