చీపురు బండిలో ముందు సీటు

చీపురు కాడని బండి వెనక తలుపుకి ఆనించి, మూడు చుట్లు తాడు చుట్టి, సతూరియో పళ్ళతో ముడి బిగించాడు. కుడిచేతి చూపుడు వేలు ఎప్పుడో రొట్టెల పొయ్యి తలుపులో నలిగింది. అప్పట్నుంచి ముడులు వేసే పనంతా పళ్ళదే. చీపురు కొత్తది. ఏటా మే నెల ఆఖర్లో కొండవాలుకి పోయి తుప్ప కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, తనే కట్టుకుంటాడు. ప్లాస్టిక్ చీపురు కొనిస్తామని సైకిలు సంఘం వాళ్ళు చెప్పి చూశారు. "ప్లాస్టిక్‌ది కడితే అది చెత్తబండి అవుద్ది" అని కొట్టిపారేశాడు.

జూన్ మొదటి ఆదివారం ఆల్మసాన్ ఊరి కోటగుమ్మం నుంచి ఎల్ బుర్గో దె ఓస్మా ఊరి నడిబజారు దాకా, దువేరో నది వెంట మూడొందల మంది సైకిళ్ళు తొక్కుతారు. వాళ్ళందరి వెనకా, చిట్టచివర, చీపురు కట్టుకున్న బండి ఒకటి వెళుతుంది. తొక్కలేక ఆగిపోయినవాళ్ళని ఊడ్చుకుంటూ పోవడం దాని పని. ఇరవై ఆరేళ్ళుగా ఆ పని సతూరియోది. సైకిలు తొక్కడం మాత్రం ఆయనకి రాదు. వాళ్ళింట్లో చిన్నప్పుడు గాడిదలుండేవి గానీ సైకిళ్ళు లేవు, తర్వాత నేర్చుకునే తీరిక దొరకలేదు.

మిగతా రోజుల్లో అది రొట్టెల బండి. తెల్లవారకముందే పొయ్యి దగ్గర బుట్టలు ఎత్తించుకుని ఊరూరా తిరుగుతాడు. తలుపు పక్క మేకుకి వేలాడే గుడ్డసంచిలో రొట్టె వేసి, రెండుసార్లు హారన్ కొట్టి కదులుతాడు. మొదట్లో పదకొండు ఊళ్ళుండేవి, ఇప్పుడు ఐదు మిగిలాయి. మనుషులు పోయినచోట సంచులు పోయాయి, మేకులు మిగిలాయి. ఖాళీ మేకు దగ్గర కూడా ఆయన కాలు బ్రేకు మీదికి పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళి ఎరగడు, ఆ సంగతి ఎవరూ మెచ్చుకుని కూడా ఎరగరు. అందుకు ఆయనకేం బాధ లేదు.

భార్య బెనిల్దె గుడ్డలో కట్టిన మూట తెచ్చి ముందు సీటులో పెట్టింది. పొడుగు రొట్టెలు, కరకరలాడే పందిమాంసపు వేపుడు, గుప్పెడు చెర్రీ పళ్ళు, ఒక వైను సీసా.

"ముసలాయనకి వేపుడు ఎక్కువ పెట్టకు. డాక్టరు వద్దన్నాడు" అంది.

"డాక్టరు సైకిలే వద్దన్నాడు. వేపుడు ఒక్కటి మానేస్తే ఆగుతాడా?"

ముసలాయన అంటే ఎవెలియో. డెబ్భై ఆరేళ్ళు. ఆల్మసాన్‌కీ బెర్లాంగాకీ మధ్య నది పక్కన రైలుగేటు కాపలాదారుగా జీవితమంతా చేశాడు. ఆ దారిన రైళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. పట్టాల మధ్య నడుమెత్తు గడ్డి మొలిచింది. గేటు కర్రని ఎవరో పట్టుకుపోయారు. ఆయన మాత్రం ఆ గేటుగదిలోనే ఉండిపోయాడు. జీవితమంతా జనాన్ని ఆపినవాడికి, ఆపడానికి ఎవరూ లేకుండా పోయేసరికి, తనే కదలాలనిపించి సైకిలు కొన్నాడు. ఈ పందెంలో పద్దెనిమిదిసార్లు తొక్కాడు. పద్దెనిమిదిసార్లూ అందరికన్నా వెనకే వచ్చాడు. పద్దెనిమిదిసార్లూ గోర్మాస్ కోట ఎత్తు ఎక్కలేక సతూరియో బండెక్కాడు.

బండెక్కినవాళ్ళు పందెం మానుకున్నట్టే లెక్క. వీపున ఉన్న నంబరు గుడ్డ ఇచ్చెయ్యాలి. సతూరియో వాళ్ళని మర్యాదగా అటు తిప్పి, నాలుగు పిన్నీసులు విప్పి, సోంపు బిళ్ళల రేకుడబ్బాలో వేస్తాడు. ఆ డబ్బా ఎప్పుడూ స్టీరింగు పక్కనే ఉంటుంది. నంబరు పోయినవాళ్ళు వెనక, రొట్టెల బుట్టల మధ్య కూర్చోవాలి. ముందు సీటు వాళ్ళకి కాదు, చివరిదాకా తొక్కినవాళ్ళకే. ఎవరు పెట్టారో తెలియదు గానీ, అది పద్ధతి.

"ఒక్కసారైనా నీ ముందు సీటులో కూర్చుంటాన్రా సతూరియో. నంబరు వీపు మీదుండగా, దొరలాగా" అని ఎవెలియో ఏటా బుట్టల మధ్యనుంచి అరిచేవాడు.

మొన్నటి చలికాలంలో ఆయన గుండెకి వైద్యం జరిగింది. ఇదే ఆఖరిసారని సంఘం వాళ్ళకి రాసిచ్చాడు. కాబట్టి కూర్చుంటే ఈసారే కూర్చోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఎనిమిదింటికి చర్చి గంట కొట్టగానే మూడొందల సైకిళ్ళు ఆల్మసాన్ వంతెన మీద జల్లుగా కురిసి, మలుపు తిరిగి మాయమయ్యాయి. ఆ తర్వాత రోడ్డు మీద ఒక్క వీపు మిగిలింది. దాని మీద 214 నంబరు. దాని వెనక ముప్ఫై అడుగుల దూరంలో సతూరియో బండి.

ఆ ముప్ఫై అడుగులు సతూరియో సొంత నియమం. దగ్గరికి పోతే తరిమినట్టుంటుంది, దూరంగా ఉంటే వదిలేసినట్టుంటుంది. హారన్ కొట్టడు. ఎక్కమని ఎవర్నీ అడగడు. ఇన్నేళ్ళుగా చూసి చూసి ఎవెలియో ముఖం కన్నా ఆయన వీపే సతూరియోకి బాగా తెలుసు. ఎడమ భుజం కాస్త కిందికుంటుంది. అలసట మొదలైతే మెడ ముందుకు వాలుతుంది. ఆకలైతే కుడి మోకాలు బయటికి పోతుంది. రెండు పక్కలా గోధుమ చేలు పచ్చదనం వదిలి పసుపుకి తిరుగుతున్నాయి. నది పక్క పాప్లార్ చెట్ల దూది గాల్లో తేలి వచ్చి బండి అద్దానికి అంటుకుంటోంది. గాలి వెనకనుంచి వీస్తోంది. ఎండ ఇంకా ముదరలేదు. ఇద్దరికీ హాయిగానే ఉంది.

బెర్లాంగాలో కోట బురుజుల కింద ఎవెలియో వేగం తగ్గించి, కిటికీ పక్కకి వచ్చాడు.

"ఎవరైనా చిక్కారట్రా?"

"ఎవరూ లేరు బాబాయ్. బండి ఖాళీ."

"ఏం బేరంరా నీది! నేనెక్కకపోతే ఇవాళ నీకు బోణీ లేనట్టే."

"బోణీ లేకపోతే లేకపోయింది. మాట్లాడకుండా తొక్కు, ఊపిరి దాచుకో."

"రొట్టెలమ్ముకునేవాడు నాకు తొక్కడం నేర్పుతున్నాడు" అని నవ్వి ముందుకు పోయాడు.

గోర్మాస్ రాతి వంతెన దగ్గరికి చేరేసరికి ఒంటిగంటకి పది నిమిషాలుంది. ఎదుట కొండ మీద కోట. కొండ పొడుగునా పాకిన ఆ గోడని చూస్తేనే కాళ్ళు లాగుతాయి. ఎవెలియో మెడ అప్పటికే వాలిపోయింది. సైకిలు దిగి వంతెన గోడ మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోవడం, మెడ నరం కొట్టుకోవడం సతూరియోకి బండిలోంచే కనిపించింది.

మోటారు సైకిలు పోలీసు నూరియా వంతెనకి అడ్డంగా నిలబడి ఉంది. సతూరియో దగ్గరున్న కాగితంలో ఒంటిగంటకి చీపురు బండి వంతెన దాటాలని రాసి ఉంది. బండి దాటిందంటే దాని వెనక సైకిలు ఉండకూడదు. రోడ్డు తెరుస్తారు. అవతల అప్పటికే నాలుగు కార్లు, ఒక ట్రాక్టరు ఆగి ఉన్నాయి.

సతూరియో దిగి వెళ్ళి ఎవెలియో పక్కన కూర్చున్నాడు. ఒక్క మాటంటే చాలు. వెనక్కి తిప్పి నాలుగు పిన్నీసులు విప్పేస్తే ఈ ముసలాయన బుట్టల మధ్య పడుకుని క్షేమంగా ఇల్లు చేరతాడు. సతూరియో చెయ్యి జేబులోంచి పైకి కూడా వచ్చింది.

"తీసేస్తావా?" అన్నాడు ఎవెలియో, కొండకేసి చూస్తూనే.

"నువ్వు చెప్పు బాబాయ్. ఎంతసేపు కావాలి?"

"ఇరవై నిమిషాలు." టోపీతో ముఖం తుడుచుకున్నాడు. "నాకు భయంగా లేదురా. నిజం. ఎక్కలేనేమోననే ఉంది గానీ వేరే భయం లేదు."

సతూరియో లేచి బండి దగ్గరికి వెళ్ళి, తాళం తీసి జేబులో వేసుకుని, బెనిల్దె ఇచ్చిన మూట తెచ్చి వంతెన గోడ మీద పరిచాడు. రొట్టె విరిచి, వేపుడు పెట్టి, మొదటి ముక్క నూరియాకి ఇచ్చాడు.

"పెద్దాయనా, ఒంటిగంటయింది. బండి తియ్యాలి" అంది నూరియా.

"చీపురు బండి దాటాక కదమ్మా రోడ్డు తెరిచేది? దాటిందా?"

"లేదు."

"మరింకేం? తిను. వేపుడు మెత్తబడితే బాగుండదు."

"అవతల ట్రాక్టరువాడు నన్ను తిడతాడు."

"ఆ ట్రాక్టరు పాస్కువల్‌ది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వాడి మేకుకి రొట్టె తగిలిస్తున్నాను, వాణ్ణి నాకొదిలెయ్" అని, వంతెన అవతలికి చెయ్యూపి గట్టిగా అరిచాడు, "పాస్కువల్! ఇవాళ నేను ఆలస్యం రా!"

"నీకు జబ్బేమైనా చేసిందా?" అని అవతల్నుంచి జవాబొచ్చింది. ఆ వెంటనే ట్రాక్టరు ఇంజను ఆగింది.

నూరియా రొట్టె అందుకుంది. రేడియోలో ఎవరో అడిగారు. ఆమె తన ఎదురుగా నిటారుగా నిలబడ్డ చీపురుని తేరిపార చూస్తూ, "చీపురు బండి ఇంకా కనబడలేదండీ" అని చెప్పి, మూతి తుడుచుకుంది. ఎవెలియో పడీ పడీ నవ్వాడు. నవ్వుతోనే ఆయన ముఖంలోకి రంగొచ్చింది.

ఇరవై ఐదు నిమిషాల తర్వాత ఎత్తు మొదలుపెట్టాడు. మొదటి మలుపు తొక్కుతూనే ఎక్కాడు. రెండో మలుపులో సైకిలు రోడ్డుకి ఆ పక్కకీ ఈ పక్కకీ పాములా పోయింది. ప్రతి ఏడూ ఆగే రాయి దగ్గర, కుడిపక్క తెల్లరాయి దగ్గర, చక్రం దాదాపు నిలిచిపోయింది. స్టీరింగుని తనే పెడలు తొక్కుతున్నట్టు ముందుకు నెడుతున్నానని సతూరియోకి ఆలస్యంగా తెలిసింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి హారన్ కొట్టాడు. రెండుసార్లు, గుమ్మంలో రొట్టె వేసినప్పటిలాగా. చక్రం కదిలింది. తెల్లరాయి వెనకబడింది. కోటగోడ కింద, రోడ్డు సమంగా మారినచోట, 214 నంబరు వీపు నిటారైంది. ఎవెలియో వెనక్కి తిరిగి చూడలేదు, ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తాడు. సతూరియోకి కళ్ళు చెమర్చాయి. దుమ్మని సర్దిచెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు గనక హాయిగా ఏడ్చాడు.

ఎల్ బుర్గో దె ఓస్మా నడిబజారులో బల్లలు తుడిచేశారు. బహుమతులిచ్చేసి అందరూ వెళ్ళిపోయారు. కాఫీ దుకాణం దగ్గర పదిమంది ఉన్నారంతే. వాళ్ళే చప్పట్లు కొట్టారు. సతూరియో వెనక తలుపు తెరిచి ఖాళీ బుట్టలు అందరికీ చూపించాడు. "ఏమయ్యా, ఇవాళ ఊడవడం మానేశావా?" అని ఎవరో అన్నారు. "ఊడవడానికి చెత్త లేదు" అన్నాడు, గర్వంగా.

ఒక గ్లాసు వైను తాగి, సైకిలు బుట్టల మధ్య పెట్టించి, ఎవెలియో బండి ముందువైపుకి నడిచాడు. సతూరియో తలుపు తెరిచి పట్టుకున్నాడు. ముసలాయన టోపీ తీసి, తలవంచి, దొరలాగే ఎక్కాడు.

"సీటు గట్టిగా ఉందిరా. ఇన్నేళ్ళు దీనికోసమా నేను ఏడ్చింది!"

"నచ్చకపోతే బుట్టల్లోకి పో."

"చచ్చినా పోను" అని వెనక్కి వాలాడు.

నది పక్క రోడ్డు పట్టారు. సాయంత్రపు ఎండ చేల మీద పడుతోంది. కాసేపు కోట ఎత్తు గురించి మాట్లాడుకున్నారు. తెల్లరాయిని దాటేటప్పుడు ఏమనిపించిందని సతూరియో అడిగాడు. "రొట్టె వచ్చిందనిపించింది" అన్నాడు ఎవెలియో. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. చెర్రీ పండు ఒకటి చేతిలో ఉంది. నిద్రపోనీ అనుకుని సతూరియో మెల్లగా నడిపాడు, వంతెన దాటాడు, బెర్లాంగా దాటాడు.

రైలుగేటు దగ్గర బండి ఆపాడు. రైళ్ళు ఆగిపోయినా, రోజూ రొట్టె తెచ్చినప్పుడు ఆయన అక్కడ ఆగుతాడు. ఎవెలియో గది బయటికొచ్చి, పట్టాల వెంట ఇటూ అటూ చూసి, "పోనీ" అంటేనే బండి దాటుతుంది. ఇన్నేళ్ళుగా ఆ ఆట ఇద్దరూ నవ్వకుండా ఆడుతూనే ఉన్నారు. ఇవాళ కాపలాదారు పక్క సీటులోనే ఉన్నాడు.

"ఏం బాబాయ్, పోనిమ్మంటావా?"

సతూరియో ఇంజను ఆపి మళ్ళీ అడిగాడు. చెర్రీ పండు సీటు కిందికి దొర్లింది. ముసలాయన చెయ్యి పట్టుకుని చూశాడు, నాడి లేదు. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. గడ్డిలో కీచురాళ్ళు అరుస్తున్నాయి. ముసలాయన ముఖంలో నొప్పి లేదు, నోరు కొంచెం తెరుచుకుని ఉందంతే. వంతెన దగ్గర ఆ నంబరు విప్పేసి ఉంటే, అనే ఆలోచన వచ్చింది. వచ్చినదాన్ని రానిచ్చాడు. అయినా విప్పనందుకు ఆయనకి పశ్చాత్తాపం కలగలేదు. దుఃఖం కలిగింది, అది వేరు.

బండెక్కినవాళ్ళని అటు తిప్పడం చేతికి అలవాటు. ఎవెలియోని మాత్రం నంబరుతోనే సీటుకి ఆనించి వదిలేసి, బెల్టు సరిచేశాడు. డాక్టరుండేది పట్టాలకి అవతల, ఆల్మసాన్‌లో. సతూరియో తనే ఇటూ అటూ చూసి, "పోనీ" అని చెప్పుకుని, బండి దాటించాడు.

పట్టాల మీద బండి ఎగిరెగిరి పడింది. ఏటా ఈ కుదుపుకి నాలుగు పిన్నీసులు గలగలమనే రేకుడబ్బా, మూత తెరుచుకుని, ఖాళీగా, చప్పుడు లేకుండా స్టీరింగు పక్కన ఉంది.